గోల్ఫ్‌ను వృత్తిగా ఎంచుకోవాలనుకునే యువతకు మార్గదర్శి: ఏది ముందు, ఏది తరవాత

"మా అబ్బాయి పదో తరగతి చదువుతున్నాడు, హ్యాండిక్యాప్ 6కు వచ్చింది, వచ్చే ఏడాది ప్రొఫెషనల్‌గా దింపవచ్చా?" అని ఒక తండ్రి అడుగుతారు. (హ్యాండిక్యాప్ అంటే ఆటస్థాయిని చెప్పే అంకె; అది ఎంత తక్కువైతే ఆట అంత మెరుగు.) "మా పాపకు గోల్ఫ్ అంటే ప్రాణం, కానీ టోర్నమెంటు ముందురోజు అన్నం ముట్టదు, మరి ఆట మాన్పించాలా?" అని ఒక తల్లి అడుగుతారు. ఇటువంటి ప్రశ్నలు పదే పదే వస్తున్నందువల్ల, సమాధానాన్ని ఒక క్రమంలో పెట్టి రాస్తున్నాను.

ఈ రంగంలో పిల్లలు దెబ్బతినేది ఎక్కువగా వరస తప్పడం వల్లనే. వెనక్కి తీసుకోగలిగిన పనులను ముందు చేయాలి. ప్రొఫెషనల్‌గా మారడం, డబ్బు తీసుకొని పాఠాలు చెప్పడం, చదువు మానేయడం వంటి సులభంగా వెనక్కి రాని పనులను చివరికి ఉంచాలి. కింది అంశాలన్నీ ఆ వరసలోనే ఉన్నాయి.

1. నచ్చేది ఆడటమా, ఆట చుట్టూ ఉన్న పనా తేల్చుకోవాలి

గోల్ఫ్ ఇష్టమని చెప్పే పిల్లల్లో కొందరికి పోటీ ఇష్టం, కొందరికి స్వింగ్ ఎలా పనిచేస్తుందో విప్పి చూడటం ఇష్టం, మరికొందరికి ఆ పచ్చదనంలో ఉండటమే ఇష్టం. ఈ మూడూ మూడు వేర్వేరు ఉద్యోగాలకు దారి తీస్తాయి. ఇంట్లో కూర్చొని ఆలోచిస్తే ఈ తేడా తెలియదు. ఒక్కో పని దగ్గర ఒక్కో రోజు గడిపితే తెలుస్తుంది.

సెలవుల్లో ఈ నాలుగు రోజులు కేటాయించండి:

- కోర్సు (గోల్ఫ్ మైదానం) సూపరింటెండెంటు అనుమతితో, తెల్లవారకముందే వెళ్లి, పచ్చిక పనివారితో ఒక ఉదయం.
- డ్రైవింగ్ రేంజ్‌లో (బంతులు కొట్టి సాధన చేసే చోట) ఒక కోచ్ వెనక కూర్చొని, ఆయన వరసగా చెప్పే పాఠాలన్నీ వింటూ ఒక సాయంత్రం.
- ఒక టోర్నమెంటులో స్కోరర్‌గానో, ఫోర్‌క్యాడీగానో (బంతి ఎక్కడ పడిందో చూసి చెప్పే సహాయకునిగా) ఎండలో ఒక పూర్తి రోజు.
- గోల్ఫ్ క్లబ్బులు (ఆడే కర్రలు) మరమ్మతు చేసే దుకాణంలో ఒక రోజు.

ప్రతి రోజూ ఇంటికి వచ్చాక ఒకే ప్రశ్నకు జవాబు రాయించండి: "రేపు మళ్లీ వెళ్లమంటే వెళతానా?" ఆ నాలుగు జవాబులను నేను ఏ అభిరుచి పరీక్షకన్నా ఎక్కువగా నమ్ముతాను.

2. ఆటస్థాయిని సొంత కోర్సు బయట కొలవాలి

2020 నుంచి అమలులోకి వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ విధానంలో, చివరి 20 రౌండ్లలో మెరుగైన 8 రౌండ్ల ఆధారంగా హ్యాండిక్యాప్ ఇండెక్సును లెక్కిస్తారు. అంటే అది మీరు బాగా ఆడిన రోజుల లెక్క. మిగిలిన 12 రౌండ్లలో ఏం జరిగిందో అందులో కనిపించదు. పోటీలో మాత్రం ఆ పన్నెండూ లెక్కలోకి వస్తాయి.

గోల్కొండలో నయా ఖిల్లా చుట్టూ ఉన్న కోర్సులో రోజూ ఆడే కుర్రవాడికి అక్కడి ప్రతి గ్రీన్ (రంధ్రం ఉండే పొట్టి పచ్చిక) వాలూ కాలికి తెలుసు. అదే కుర్రవాడిని గచ్చిబౌలిలోని బౌల్డర్ హిల్స్ బండరాళ్ల మధ్యకో, విశాఖలోని ఈస్ట్ పాయింట్ కోర్సులో సముద్రపు గాలిలోకో తీసుకువెళితే అసలు స్కోరు బయటపడుతుంది. ఆ తేడాను చూసి నిరుత్సాహపడనవసరం లేదు, కానీ దాచిపెట్టనూ కూడదు.

ఒక నోటు పుస్తకంలో ఇవి మాత్రమే రాయండి:

- టోర్నమెంటు రౌండ్లు మాత్రమే, వరసగా 20. స్నేహితులతో ఆడినవి వద్దు.
- వాటిలో కనీసం సగం ఇతర కోర్సుల్లో, వెనక టీల నుంచి (మొదటి దెబ్బ కొట్టే చోట్లలో అన్నింటికన్నా దూరమైనవి) ఆడినవి ఉండాలి.
- 20 రౌండ్లకూ కలిపిన సగటు, అన్నింటికన్నా చెడ్డ స్కోరు.
- రౌండుకు ఎన్ని పట్లు (గ్రీన్ మీద బంతిని దొర్లించే దెబ్బలు), ఎన్ని పెనాల్టీ దెబ్బలు (శిక్షగా కలిపేవి).

ప్రొఫెషనల్ కాదలచిన వారి సగటు, ఇతర కోర్సుల్లో, పార్ (కోర్సుకు నిర్ణయించిన దెబ్బల లెక్క) చుట్టూ ఉండాలి. స్క్రాచ్ (అంటే సున్నా) హ్యాండిక్యాప్ రాగానే చాలామంది తల్లిదండ్రులు "ఇక చాలు" అనుకుంటారు. అది గట్టి అమెచ్యూర్ (వృత్తిగా కాకుండా ఆడేవారి) స్థాయి. టూర్‌లో (ప్రొఫెషనల్ పోటీల వరసలో) నిలబడేవారి స్థాయి అంతకు ఎన్నో దెబ్బలు మెరుగు.

ఈ దశలో భారత గోల్ఫ్ యూనియన్ నిర్వహించే జూనియర్, అమెచ్యూర్ పోటీలే సరైన కొలబద్ద. వయసును బట్టి విభాగాలు ఉంటాయి కనుక, మీ విభాగంలో దేశవ్యాప్తంగా ఎవరు ఏ స్కోరు చేస్తున్నారో ఫలితాల పట్టికలను చూసి పోల్చుకోవచ్చు.

3. అమెచ్యూర్ హోదాను కాపాడుకోవాలి

నేను ఎక్కువగా చూసే తప్పు ఇదే, స్వయంగా నేనూ చేసిన తప్పు ఇదే. పందొమ్మిదేళ్ల వయసులో ఒక డ్రైవింగ్ రేంజ్‌లో చిన్నపిల్లలకు గంటకు ఇంత అని తీసుకొని పాఠాలు చెప్పాను. పెట్రోలు ఖర్చు వస్తుందనే అనుకున్నాను. కొన్ని నెలల తరవాత ఒక అమెచ్యూర్ పోటీ దరఖాస్తులో "రుసుము తీసుకొని శిక్షణ ఇచ్చారా?" అన్న గడి దగ్గర కలం ఆగిపోయింది. నిజం రాశాను, పోటీకి దూరమయ్యాను. హోదాను తిరిగి పొందేందుకు దరఖాస్తు చేసుకునే వీలు ఉంటుంది గానీ, ఆ వయసులో పోయిన కాలం తిరిగి రాదు.

2022 నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం అమెచ్యూర్ హోదా పోయే ప్రధాన సందర్భాలు ఇవి:

- అనుమతించిన పరిమితిని మించిన బహుమతిని స్వీకరించడం. ఆ పరిమితి 700 పౌండ్లు లేదా 1,000 అమెరికన్ డాలర్లు.
- పోటీలో ప్రొఫెషనల్‌గా ఆడటం.
- డబ్బు తీసుకొని శిక్షణ ఇవ్వడం; కొన్ని మినహాయింపులు ఉన్నాయి.
- క్లబ్ ప్రొఫెషనల్‌గా ఉద్యోగంలో చేరడం లేదా ప్రొఫెషనల్ గోల్ఫర్ల సంఘంలో సభ్యత్వం తీసుకోవడం.

క్యాడీగా (ఆటగాడి క్లబ్బుల సంచి మోసే సహాయకునిగా), పచ్చిక పనిలో, దుకాణంలో, స్కోరింగ్ విభాగంలో సంపాదిస్తే ఈ హోదాకు ఇబ్బంది లేదు. జేబుఖర్చుకు పని కావాలంటే ఆ వైపు చూడండి. పాఠాలు చెప్పాలన్న ఉత్సాహం ఉంటే, డబ్బు తీసుకోకుండా తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ చెప్పండి. నేర్చుకోవడానికి అదే చాలు.

4. పదో తరగతి తరవాత గ్రూపును ఆలోచించి ఎంచుకోవాలి

మన దగ్గర ఇంటర్మీడియట్ రెండేళ్లు ఉదయం నుంచి రాత్రి వరకు కాలేజీలోనే గడుస్తాయి. గోల్ఫ్‌కు వెలుగు కావాలి. కాబట్టి కాలేజీ పేరుకన్నా ముందు దాని వేళలు అడగండి. ఉదయం ఏడు లోపు గానీ, సాయంత్రం నాలుగు తరవాత గానీ రెండు గంటలు దొరకని చోట చేర్చి, ఆ తరవాత "వాడికి ఆసక్తి తగ్గింది" అనడం న్యాయం కాదు.

బైపీసీ తీసుకుంటే హార్టికల్చర్, వ్యవసాయం, ఫిజియోథెరపీ దారులు తెరుచుకుంటాయి. ఎంపీసీతో గోల్ఫ్ సిమ్యులేటర్లు, స్వింగ్ కొలతల సాంకేతికత వైపు వెళ్లవచ్చు. సీఈసీ, ఎంఈసీ చదివినవారు హోటల్ నిర్వహణ, క్లబ్ నిర్వహణ, టోర్నమెంటు నిర్వహణల్లో కుదురుకోగలరు.

అమెరికా కాలేజీ గోల్ఫ్ ఆలోచన ఉంటే తొమ్మిదో తరగతి నుంచే లెక్క మొదలవుతుంది. అక్కడి కాలేజీ క్రీడల సంస్థ ఎన్.సి.ఎ.ఎ. మొదటి డివిజన్‌కు తొమ్మిది నుంచి పన్నెండు వరకు 16 ప్రధాన పాఠ్యాంశాలు, అందులో కనీస సగటు అవసరం. ఇంటర్ అయ్యాక "ఒకటి రెండేళ్లు ఆడి చూద్దాం" అని ఆగితే అర్హత ఉన్న ఏళ్లు తగ్గిపోవచ్చు. అమెచ్యూర్ హోదా పోగొట్టుకుంటే ఈ దారి మూసుకుపోయే ప్రమాదం ఉంది.

ఈ దారి విలువకు సాహిత్ తీగల మంచి ఉదాహరణ. హైదరాబాదు మూలాలున్న తెలుగు కుటుంబంలో కాలిఫోర్నియాలో పుట్టిన ఆయన, పెప్పర్‌డైన్ విశ్వవిద్యాలయం తరఫున ఆడుతూ 2020లో కాలేజీ గోల్ఫ్‌లోని ప్రధాన పురస్కారాలు అందుకొని, ఆ తరవాతే ప్రొఫెషనల్ అయ్యారు. 2023లో అమెరికాలోని పి.జి.ఎ. టూర్‌లో తొలి విజయం సాధించారు. డిగ్రీ చదువుకున్న ఆ ఏళ్లు ఆయన ఆటను వెనక్కి లాగలేదు.

కోచ్‌లకు పంపవలసినవి:

- రెండు నిమిషాలు మించని స్వింగ్ వీడియో: ఎదురు నుంచి, వెనక నుంచి. సంగీతం, అలంకారాలు వద్దు.
- టోర్నమెంటు ఫలితాలు, ఆ కోర్సు ఎన్ని గజాలు, ఏ టీ నుంచి ఆడారు అన్న వివరాలతో.
- మార్కుల జాబితా.
- ఉత్తరాన్ని విద్యార్థే రాయాలి. తండ్రి రాసిన ఉత్తరం కోచ్‌లకు వెంటనే తెలిసిపోతుంది.

5. ఆటగాడిగా ప్రొఫెషనల్ కావాలంటే

పురుషులకు మన దేశంలో ప్రధాన వేదిక 2006లో ఏర్పడిన పి.జి.టి.ఐ. అనే ప్రొఫెషనల్ టూర్. అందులో ఆడే హక్కు క్వాలిఫయింగ్ స్కూల్ అనే అర్హత పోటీ ద్వారా వస్తుంది. మహిళలకు భారత మహిళా గోల్ఫ్ సంఘం నిర్వహించే ప్రొఫెషనల్ టూర్ ఉంది.

హోదా వదులుకోకముందే పరీక్షించుకునే వీలు ఉందన్న సంగతి చాలా ఇళ్లలో తెలియదు. మహిళల టూర్ పోటీల్లో అమెచ్యూర్లకు కూడా చోటు దొరుకుతుంది. హైదరాబాదుకు చెందిన స్నేహా సింగ్ అమెచ్యూర్‌గా ఉండగానే అక్కడ ప్రొఫెషనల్స్‌ను దాటి గెలిచారు. నా సలహా స్పష్టం: ప్రొఫెషనల్స్ ఆడే పోటీల్లో కనీసం నాలుగింటిలో కట్ (పోటీ మధ్యలో వెనకబడినవారిని తప్పించే హద్దు) దాటగలిగిన తరవాతే హోదా మార్చండి.

డబ్బు లెక్క ముందే వేయాలి. సాధారణ పోటీలో 36 హోల్స్ (రెండు రౌండ్లు) తరవాత కట్ ఉంటుంది. కట్ దాటనివారికి ఆ వారం ఆదాయం సున్నా, ఖర్చు మాత్రం పూర్తిగా ఉంటుంది. ఒక్క వారానికి ఈ పద్దులు రాయండి: ప్రవేశ రుసుము, ప్రయాణం, క్లబ్బుల సంచికి అదనపు సామాను రుసుము, ఆరు రాత్రుల బస, భోజనం, క్యాడీ, ప్రాక్టీసు రౌండు, బంతులు. వచ్చిన మొత్తాన్ని ఏడాదిలో ఆడదలచిన వారాలతో హెచ్చవేయండి. బహుమతి డబ్బు ఒక్క రూపాయి కూడా రాదనుకొని రెండేళ్లు భరించగలరా? భరించలేకపోతే ముందు స్పాన్సర్‌ను వెతకాలి, లేదా ఉద్యోగం చేస్తూ అమెచ్యూర్‌గా కొనసాగాలి. అప్పు చేసి టూర్‌కు వెళ్లిన పిల్లలు మూడడుగుల పట్ ముందు నిలబడి ఈఎంఐ గురించి ఆలోచిస్తారు. ఆ చేతులతో పట్ పడదు.

6. కోచ్ కావాలంటే

మన దేశంలో కోచ్‌ల శిక్షణ, ధ్రువీకరణ భారత జాతీయ గోల్ఫ్ అకాడమీ ద్వారా జరుగుతాయి. మెట్టు మెట్టుగా తరగతులు ఉంటాయి. కింది తరగతిలో ఉత్తీర్ణులై, కొంతకాలం బోధించిన అనుభవంతో పై తరగతికి వెళ్లాలి. ఇది హోదా మార్చే నిర్ణయం కనుక మూడో అంశాన్ని మరోసారి చదివి దిగండి.

బాగా ఆడేవారంతా బాగా చెప్పలేరు. ప్రతిభతో ఆడేవారికి తమ చేయి ఏం చేస్తుందో మాటల్లో పెట్టడం కష్టం. కొత్తవారు బంతిని ఆకాశంలోకి లేపాలని భుజాలు ఎత్తి నేలను తప్పించి కొడతారు. "కిందికి కొట్టండి" అని పదిసార్లు చెప్పినా మారదు. బంతికి నాలుగు అంగుళాల ముందు ఒక నాణెం పెట్టి, "బంతి తరవాత ఆ నాణెం కింది నేలను తాకించండి" అంటే అయిదు నిమిషాల్లో మారుతుంది. ఇటువంటి ఉపాయాలు మీకు సహజంగా తోస్తుంటే, ఎదుటివారి చిన్న మెరుగుదల మీకు సొంత బర్డీ (పార్ కన్నా ఒక దెబ్బ తక్కువలో ముగించడం) కన్నా ఎక్కువ సంతోషం ఇస్తుంటే, ఈ పని మీదే.

మొదటి రెండేళ్లు ఒక అనుభవజ్ఞుని కింద సహాయకునిగా పనిచేయండి. తెలుగులో చెప్పగలగడం మన ఊళ్లలో పెద్ద బలం.

7. పచ్చిక పని: ఎవరూ అడగని మంచి ఉద్యోగం

ఈ అంశాన్ని కాస్త విస్తరిస్తాను, ఎందుకంటే దీని గురించి నన్ను దాదాపు ఎవరూ అడగరు. 18 హోల్స్ కోర్సు ఏదైనా ఒక సూపరింటెండెంటు లేకుండా నడవదు. ఆ కుర్చీలో కూర్చోవడానికి గోల్ఫ్ తెలిసిన వ్యవసాయ పట్టభద్రులు మన దగ్గర చాలా తక్కువ.

మన దక్షిణాది గ్రీన్‌లపై ఎక్కువగా కనిపించేది బెర్ముడా జాతి. పేరు విదేశీదే గానీ, అది వినాయక చవితికి మనం కోసుకొచ్చే గరిక కుటుంబమే. పొట్టిగా పెరిగే సంకర రకాలను ఇసుక పడక మీద పెంచి, దాదాపు మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తులో కోస్తారు. అంత పొట్టిగా కోసిన గడ్డి బతకాలంటే నీరు, ఎరువు, గాలి మూడూ లెక్కతో అందాలి.

ఉదయం పని ఎలా ఉంటుందో దగ్గరగా చూడండి. మంచు దులిపాక, సిలిండర్ యంత్రం పదును చూస్తారు: బ్లేడుకూ కింది పట్టీకీ మధ్య కాగితం ముక్క పెట్టి చేత్తో తిప్పితే, అది కత్తెరతో కోసినట్టు తెగాలి, నలిగితే గడ్డి చివరలు చిరిగి రెండు రోజుల్లో గ్రీన్ తెల్లబడుతుంది. తరవాత కప్పు (బంతి పడే రంధ్రం) మార్చడం. 108 మిల్లీమీటర్ల వ్యాసంతో కొత్త చోట రంధ్రం తీసి, ఆ మట్టిదిమ్మెను పాత రంధ్రంలో దించుతారు. దిమ్మె వెంట్రుకవాసి పైకి ఉంటే కోత యంత్రం దాని తల గొరిగేస్తుంది, గోధుమరంగు వలయం మిగులుతుంది. కిందికి ఉంటే మరుసటి రోజు ఎవరి పట్‌నో అది పక్కకు తిప్పుతుంది. అరచేత్తో తడిమి, సమంగా ఉందని నిశ్చయించుకొని, కాస్త నీళ్లు పోసి లేస్తారు. ఆ తడమడంలో ఆనందం దొరికేవారికి ఈ వృత్తి జీవితాంతం నిలుస్తుంది.

చేరే క్రమం:

- ఇంటర్ బైపీసీ, తరవాత ఈఏపీసెట్ ద్వారా బీఎస్సీ హార్టికల్చర్ లేదా వ్యవసాయం. తెలంగాణలో సిద్దిపేట జిల్లా ములుగులోని శ్రీ కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం, ఆంధ్రప్రదేశ్‌లో వెంకటరామన్నగూడెంలోని డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయం ఇందుకు తగినవి.
- నేల శాస్త్రం, తెగుళ్లు, నీటిపారుదల సబ్జెక్టులను నిర్లక్ష్యం చేయవద్దు. శుద్ధి చేసిన మురుగునీరు వాడే కోర్సుల్లో నీటిలోని ఉప్పు చూసుకోవడమే సగం ఉద్యోగం.
- వేసవి సెలవుల్లో కాదు, వానాకాలంలో ఒక కోర్సులో పనిచేయండి. బూజు తెగుళ్లు, నీరు నిలవడం వంటి అసలు సమస్యలు అప్పుడే కనిపిస్తాయి.
- పై చదువు కావాలంటే అమెరికాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో పచ్చిక శాస్త్రం, స్కాట్లండ్‌లోని ఎల్మ్‌వుడ్‌లో గ్రీన్‌కీపింగ్ కోర్సులు ఉన్నాయి.

"డిగ్రీ చదివి గడ్డి కోస్తాడా?" అనే బంధువులు ప్రతి ఇంట్లో ఉంటారు. ఒక తెగులు కారణంగా పద్దెనిమిది గ్రీన్‌లూ ఎండిపోతే ఒక క్లబ్ ఎంత నష్టపోతుందో తెలిసినవారు ఆ మాట అనరు.

8. రూల్స్, రిఫరీ, టోర్నమెంటు నిర్వహణ

ఇది అన్నింటికన్నా తక్కువ ఖర్చుతో మొదలుపెట్టగలిగిన దారి. గోల్ఫ్ నిబంధనలు రూపొందించే, స్కాట్లండ్‌లోని ఆర్ అండ్ ఎ సంస్థ ఆన్‌లైన్‌లో ఉచితంగా మొదటి స్థాయి రూల్స్ కోర్సు, పరీక్ష అందిస్తుంది. పదిహేనేళ్ల విద్యార్థి కూడా రాయవచ్చు. పై స్థాయిలకు తరగతులు, కఠినమైన పరీక్షలు ఉంటాయి.

2023 జనవరి నుంచి అమలులో ఉన్న రూల్స్ ప్రతినే చదవండి. పాత పుస్తకం చదివినవారు బంతి వెతకడానికి అయిదు నిమిషాలు అంటారు. 2019 నుంచి అది మూడు నిమిషాలే. డ్రాప్ (బంతిని చేత్తో నేల మీదికి వదలడం) భుజం ఎత్తు నుంచి కాదు, మోకాలి ఎత్తు నుంచి. ఇంత చిన్న పొరపాటు రిఫరీ నోట వస్తే ఆటగాడు ఆ రోజంతా మిమ్మల్ని నమ్మడు.

పరీక్ష పాసయ్యాక స్థానిక పోటీల్లో స్టార్టర్‌గా (ఆటగాళ్లను వరసగా పంపేవారిగా), స్కోరర్‌గా చేరి, మెల్లగా కోర్సు గుర్తులు వేయడం, టీ సమయాల పట్టిక తయారుచేయడం నేర్చుకోవాలి. ఈ అనుభవం ఉన్నవారిని క్లబ్బులు గోల్ఫ్ మేనేజర్ ఉద్యోగానికి కోరి తీసుకుంటాయి.

9. మిగిలిన దారులు, క్లుప్తంగా

క్యాడీ పని: మంచి ఆటగాడితో కుదిరితే వారపు రుసుముతో పాటు గెలుచుకున్న దాంట్లో వాటా ఉంటుంది. మొదటి టీ మీద క్లబ్బులు లెక్కపెట్టడం మొదటి బాధ్యత. 14కు మించితే హోలుకు రెండు చొప్పున, గరిష్ఠంగా నాలుగు దెబ్బల శిక్ష పడేది ఆటగాడికి.

క్లబ్ ఫిట్టింగ్: చేతిపని ఇష్టమైనవారికి. గ్రిప్పులు మార్చడంతో మొదలుపెట్టి, లోఫ్ట్ (క్లబ్ ముఖం వాలు), లై (కర్ర వాలు) కోణాల కొలతలు నేర్చుకోవాలి.

ఫిజియోథెరపీ: డిగ్రీ పూర్తయ్యాక గోల్ఫ్ శరీర కదలికలపై ప్రత్యేక ధ్రువీకరణ తీసుకోవచ్చు. నడుము నొప్పితో ఆడుతున్న గోల్ఫర్లకు కొరత లేదు.

10. మొదటి ఆరు నెలల పట్టిక

- మొదటి నెల: మొదటి అంశంలోని నాలుగు రోజులు పూర్తి చేసి, నాలుగు జవాబులు రాయడం.
- రెండో నెల: ఉచిత రూల్స్ పరీక్ష. ఏ దారిలో వెళ్లినా ఇది పనికివస్తుంది.
- మూడు నుంచి అయిదో నెల వరకు: కనీసం మూడు టోర్నమెంట్లు, వాటిలో రెండు ఇతర కోర్సుల్లో. నోటు పుస్తకం నింపడం.
- అయిదో నెల చివర: ఎంచుకున్న పనిలో ఇప్పటికే ఉన్న ఇద్దరితో మాట్లాడటం. "జీతం ఎంత?" తో పాటు "మీకు విసుగు పుట్టించేది ఏది?" అని తప్పక అడగండి.
- ఆరో నెల: తల్లిదండ్రులు, పిల్లలు, కోచ్ ఒకేచోట కూర్చొని, నోటు పుస్తకం ముందు పెట్టుకొని మాట్లాడటం. ఆ సమావేశంలో మొదట పిల్లలు మాట్లాడాలి, చివర తల్లిదండ్రులు. నిర్ణయం కుదరకపోతే మరో ఆరు నెలల తరవాతి తేదీని అక్కడికక్కడే క్యాలెండరులో రాసుకోండి.